మేనేజర్ వచ్చిన నెల

ఇంగ్లండ్‌లో ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు పాయింట్ల పట్టిక అడుగుకు చేరి కింది శ్రేణికి జారిపోయే స్థితిలో పడినప్పుడు, యజమానులు ఇంచుమించు ప్రతిసారీ ఉన్న మేనేజర్‌ను సాగనంపి కొత్తవాడిని తెచ్చుకుంటారు. ఆ కొత్తవాడి పేరు ఎంత పెద్దదైతే అభిమానుల ఆశ అంత పెద్దదవుతుంది, పత్రికల శీర్షికలూ అంతే లావవుతాయి. అయితే వచ్చినవాడి పేరు కంటే అతడు వచ్చిన నెల ముఖ్యమని చెప్పడానికి న్యూకాజిల్ యునైటెడ్ చరిత్ర ఒక్కటి చాలు. ఆ క్లబ్బు ఇలాంటి ప్రమాదాన్ని 2009లో ఒకసారి, 2016లో మరోసారి, 2021లో ఇంకోసారి ఎదుర్కొంది. మూడుసార్లూ కొత్త మేనేజర్‌నే ఆశ్రయించింది, మూడుసార్లూ మూడు రకాల ఫలితాలు చూసింది.

ముందుగా ఆ పోటీ నిర్మాణాన్ని తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లో అత్యున్నత శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు ఆగస్టు నుంచి మే దాకా ఒక్కొక్కటి 38 మ్యాచ్‌లు ఆడతాయి. గెలిచిన జట్టుకు 3 పాయింట్లు, డ్రా చేసుకున్న జట్టుకు 1 పాయింటు లభిస్తాయి. సీజన్ ముగిసేనాటికి చివరి మూడు స్థానాల్లో ఉన్న జట్లు ఛాంపియన్‌షిప్ అని పిలిచే రెండో శ్రేణికి దిగిపోతే, అక్కడి నుంచి మూడు జట్లు పైకి వస్తాయి. ఈ దిగిపోవడాన్నే రెలిగేషన్ అంటారు. ఫ్రాంచైజీ క్రికెట్‌కు అలవాటుపడిన తెలుగు శ్రోతలకు ఈ శిక్ష తీవ్రత వెంటనే తట్టకపోవచ్చు. 2008లో జరిగిన మొదటి ఐపీఎల్‌లో 14 మ్యాచ్‌లకు రెండే గెలిచి అట్టడుగున నిలిచిన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్‌కు ఏ శిక్షా పడలేదు సరికదా, మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో అదే జట్టు ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వాన 6 పరుగుల తేడాతో ఫైనల్ నెగ్గి కప్పు ఎత్తింది. ఆ జట్టు తర్వాత అంతరించిపోయిందంటే అది ఆర్థిక వివాదాల వల్లనే తప్ప మైదానంలో ఓడినందుకు కాదు. జొహానెస్‌బర్గ్‌లో ఆ కప్పు ఎత్తిన ఆదివారం 2009 మే 24. సరిగ్గా అదే రోజున, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో, న్యూకాజిల్ యునైటెడ్ రెండో శ్రేణికి పడిపోయింది.

ఆ పతనం కేవలం పరువుకు సంబంధించిన విషయం కాదు. టెలివిజన్ ప్రసార హక్కుల సొమ్ము అధికభాగం పై శ్రేణికే పోతుంది కాబట్టి దిగిపోయిన క్లబ్బు ఆదాయం ఒక్కసారిగా కుంగిపోతుంది. పై శ్రేణి లెక్కన కుదిరిన ఆటగాళ్ల జీతాలు మాత్రం చాలాసార్లు అలాగే ఉండిపోతాయి. ఈ దెబ్బ తట్టుకోవడానికి లీగ్ కొంతకాలం ఇచ్చే ఊరట సొమ్మును పారాచూట్ చెల్లింపులు అంటారు. మేనేజర్ అనే మాటకు కూడా కొంత వివరణ అవసరం. మన దగ్గర కోచ్ అనగానే సాధన చేయించేవాడు స్ఫురిస్తాడు. ఇంగ్లండ్ సంప్రదాయంలో మేనేజర్ జట్టును ఎంపిక చేస్తాడు, ఆటతీరు నిర్ణయిస్తాడు, ఏ ఆటగాడిని కొనాలో ఎవరిని అమ్మాలో కూడా చాలాకాలంపాటు అతడే తేల్చేవాడు. ఈ చివరి అధికారం క్రమంగా యజమానులు నియమించిన డైరెక్టర్ల చేతికి వెళ్లిపోతున్న కాలంలో న్యూకాజిల్ కష్టాలు ముదిరాయి.

న్యూకాజిల్ ఈశాన్య ఇంగ్లండ్‌లో టైన్ నది ఒడ్డున ఉన్న నగరం. ఊరికి ఒకటే పెద్ద క్లబ్బు, ఆ క్లబ్బుకు నగరం నడిబొడ్డున సెయింట్ జేమ్స్ పార్క్ అనే 52 వేల మంది పట్టే మైదానం. నాలుగుసార్లు లీగ్ విజేతగా నిలిచిన చరిత్ర ఉన్నా, వాటిలో చివరిది 1927 నాటిది. ప్రతిష్ఠాత్మకమైన ఎఫ్ఏ కప్పు చివరిసారిగా గెలిచింది 1955లో. ఆ తర్వాత 2025 దాకా చెప్పుకోదగిన దేశీయ ట్రోఫీ ఏదీ రాకపోయినా మైదానం నిండుతూనే ఉండడం ఆ ఊరి ప్రత్యేకత. రక్షకుడు ఒకడు వచ్చి గట్టెక్కిస్తాడన్న నమ్మకం కూడా అక్కడ బలంగా పాతుకుపోయింది. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 1992 ఫిబ్రవరిలో క్లబ్బు రెండో శ్రేణిలోనే అడుగున పడి మూడో శ్రేణికి జారబోతున్న దశలో, మేనేజర్‌గా ఏమాత్రం అనుభవం లేని తమ పాత ఆటగాడు కెవిన్ కీగన్ వచ్చి జట్టును నిలబెట్టాడు, మరుసటి ఏడాదే ప్రీమియర్ లీగ్‌లోకి చేర్చాడు, 1996లో టైటిల్‌కు చేరువదాకా నడిపించాడు. ఆ కథలో అభిమానులు సాధారణంగా గుర్తుంచుకోని సంగతి ఒకటుంది. కీగన్ వచ్చిన ఫిబ్రవరిలో ఆటగాళ్లను తెచ్చుకోవడానికి ఇంకా గడువుంది. అతడు వెంటనే బ్రయన్ కిల్‌క్లైన్ అనే అనుభవజ్ఞుడైన డిఫెండర్‌ను తెచ్చి వెనుక వరసను గట్టిపరిచాడు. ఇప్పటి నిబంధనల ప్రకారం ఆటగాళ్ల కొనుగోలు, అమ్మకాలు వేసవిలోనూ జనవరిలోనూ మాత్రమే జరగాలి. ట్రాన్స్‌ఫర్ విండో అని పిలిచే ఆ వ్యవధి ముగిశాక వచ్చిన మేనేజర్, ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలి.

2004 ఆగస్టులో, అంతకుముందు సీజన్‌లో జట్టును 5వ స్థానంలో నిలిపిన సర్ బాబీ రాబ్సన్‌ను క్లబ్బు తొలగించింది. అప్పటి నుంచి ఐదేళ్లు తిరగకముందే, తాత్కాలికంగా బాధ్యత చూసినవారిని వదిలేసినా, ఆరుగురు మేనేజర్లు మారారు. 2007లో సుమారు 13 కోట్ల 40 లక్షల పౌండ్లకు క్లబ్బును కొన్న క్రీడాసామగ్రి వ్యాపారి మైక్ యాష్లీ, 2008 జనవరిలో కీగన్‌ను మళ్లీ పిలిపించాడు. కానీ ఆటగాళ్ల ఎంపిక బాధ్యతను లండన్‌లో ఉండే డెనిస్ వైజ్ అనే డైరెక్టర్‌కు అప్పగించాడు. ఆ ఆగస్టులో జేమ్స్ మిల్నర్ అనే చురుకైన యువ ఆటగాడిని ఆస్టన్ విల్లా క్లబ్బుకు అమ్మేశారు. అంతకన్నా వింత సంగతి ఇగ్నాసియో గొంజాలెజ్ అనే ఉరుగ్వే ఆటగాడి వ్యవహారం. కీగన్ అతడి ఆట ఎన్నడూ చూడలేదు. అతడెవరో తెలుసుకోవాలంటే యూట్యూబ్‌లో వెతుక్కోమని మేనేజర్‌కే సలహా వచ్చింది. మేనేజర్ వద్దన్నా అతడిని అరువు ప్రాతిపదికన తీసుకున్నారు. దక్షిణ అమెరికా ఏజెంట్లకు ఉపకారం చేయడానికే ఈ ఒప్పందం జరిగిందని తర్వాత విచారణలో బయటపడింది. కీగన్ సెప్టెంబర్ 4న రాజీనామా చేశాడు, మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ 2009 అక్టోబర్‌లో అతడి పక్షాన తీర్పు చెప్పి 20 లక్షల పౌండ్ల పరిహారం ఇప్పించింది. న్యూకాజిల్ ఏ రోజున రెండో శ్రేణికి పడిపోయిందో తేదీ వేయమంటే, చరిత్రకారుడు మే 24 కంటే 2008 ఆగస్టు నెలనే ఎంచుకోవడం సబబు.

కీగన్ స్థానంలో, నాలుగేళ్లుగా ఏ జట్టుకూ మేనేజర్‌గా లేని జో కినియర్‌ను మొదట తాత్కాలికంగా నియమించారు. విలేకరుల మీద తిట్ల వర్షంతో మొదలైన ఆయన హయాంలో, ఛార్లెస్ ఎన్‌జోగ్బియా అనే ఫ్రెంచి ఆటగాడు, మేనేజర్ తన పేరును అపహాస్యంగా పలికాడని అలిగి జనవరి విండో చివర్లో క్లబ్బు వదిలిపోయాడు. ఎన్నో ఏళ్లుగా గోల్‌ను కాపాడిన షే గివెన్ కూడా అదే విండోలో మాంచెస్టర్ సిటీకి వెళ్లిపోయాడు. ఫిబ్రవరిలో గుండె జబ్బుతో కినియర్ ఆసుపత్రి పాలయ్యాక, సహాయకుడు క్రిస్ హ్యూటన్ జట్టును చూసుకున్నాడు. ఇంకా 8 మ్యాచ్‌లు మాత్రమే మిగిలి, జట్టు 18వ స్థానంలో ఉండగా, ఏప్రిల్ 1న అలన్ షియరర్ పేరు ప్రకటించారు.

ఆ ఊళ్లో షియరర్ కంటే పెద్ద పేరు లేదు. న్యూకాజిల్‌లోనే పుట్టి, 1996లో అప్పటి ప్రపంచ రికార్డు ధర అయిన కోటీ 50 లక్షల పౌండ్లకు సొంత ఊరి జట్టుకు వచ్చి, 206 గోల్స్‌తో క్లబ్బు చరిత్రలోనే అగ్రస్థానంలో నిలిచిన ఆటగాడు అతడు; ప్రీమియర్ లీగ్‌లో అతడు సాధించిన 260 గోల్స్ రికార్డును ఇంతవరకు ఎవరూ దాటలేదు. 2006లో ఆట మానేశాక బీబీసీలో వ్యాఖ్యాతగా పనిచేస్తున్న అతడికి, కీగన్‌కు 1992లో లేనట్టే, మేనేజర్‌గా ఒక్కరోజు అనుభవం కూడా లేదు. పాత అద్భుతం మళ్లీ జరుగుతుందని అందరూ అనుకున్నది అందుకే. అయితే ఏప్రిల్‌లో విండో మూసేసి ఉంది. గోల్స్ వేయలేని జట్టుకు, చరిత్రలోనే ఎక్కువ గోల్స్ వేసిన మనిషి వచ్చాడు. కానీ అతడు గీత బయట సూటు వేసుకుని నిలబడాలి. పైరు ఎండిపోయాక కాలువకు నీరు వదిలినట్టుగా ఉన్న ఆ నియామకంలో ఇంతకు మించిన క్రూరమైన వ్యంగ్యం లేదు.

మొదటి మ్యాచ్‌లో చెల్సీ చేతిలో 0-2 ఓటమి ఎదురైంది. తర్వాతి నాలుగు మ్యాచ్‌ల్లో రెండు డ్రాలు, రెండు ఓటములు. లివర్‌పూల్‌లో జరిగిన మ్యాచ్‌లో జోయీ బార్టన్ రెడ్ కార్డ్ తెచ్చుకుని మేనేజర్ ఆగ్రహానికి గురయ్యాడు. మే 11న సొంత మైదానంలో, తమలాగే మునిగిపోతున్న పొరుగు జట్టు మిడిల్స్‌బ్రోను 3-1తో ఓడించినప్పుడు నగరం ఊపిరి పీల్చుకుంది. ఐదు రోజుల తర్వాత ఫుల్‌హామ్‌తో జరిగిన మ్యాచ్‌లో విరామానికి కాస్త ముందు ఒక గోల్ సమర్పించుకున్నారు. రెండో సగంలో మార్క్ విడూకా తలతో కొట్టిన బంతి నెట్‌లో పడితే, కెవిన్ నోలన్ గోల్‌కీపర్‌ను అడ్డుకున్నాడంటూ రిఫరీ ఆ గోల్‌ను రద్దుచేశాడు. సెబాస్టియన్ బసాంగ్‌కు రెడ్ కార్డ్ పడింది. 0-1.

చివరి రోజు ఆస్టన్ విల్లా మైదానం విల్లా పార్క్‌లో పరిస్థితి ఇలా ఉంది. ప్రమాదంలో ఉన్న నాలుగు జట్లు, అంటే న్యూకాజిల్, హల్ సిటీ, సండర్లాండ్, మిడిల్స్‌బ్రో, వేర్వేరు చోట్ల ఒకే సమయానికి ఆడుతున్నాయి. న్యూకాజిల్‌కు 34 పాయింట్లు, దానికి కాస్త పైన ఉన్న హల్‌కు 35. ఇద్దరికీ పాయింట్లు సమానమైతే గోల్ తేడా, అనగా సీజన్ మొత్తంలో వేసిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్న గోల్స్ తీసివేయగా మిగిలే సంఖ్య, లెక్కలోకి వస్తుంది. అందులో న్యూకాజిల్ హల్ కంటే మెరుగ్గా ఉంది. ఆ సాయంత్రం నాలుగు జట్లూ ఓడిపోయాయి. హల్ కూడా, ఐరోపా ఫైనల్‌కు సిద్ధమవుతూ ప్రధాన ఆటగాళ్లను పక్కన పెట్టిన మాంచెస్టర్ యునైటెడ్ చేతిలోనే 0-1తో ఓడింది. అంటే న్యూకాజిల్ గెలవనవసరం కూడా లేకపోయింది, డ్రా చేసుకున్నా బతికిపోయేది. 38వ నిమిషంలో గారెత్ బ్యారీ దూరం నుంచి కొట్టిన బంతి న్యూకాజిల్ ఆటగాడు డేమియన్ డఫ్‌కు తగిలి దిశ మారి సొంత నెట్‌లోకే వెళ్లింది. సెల్ఫ్ గోల్. మిగిలిన 50 నిమిషాలకు పైగా సమయంలో ఆ ఒక్క గోల్‌ను సమం చేయలేక, 16 ఏళ్లపాటు పై శ్రేణిలో ఉన్న క్లబ్బు దిగిపోయింది. మీ తర్వాతి రక్షకుడెవరు, యాంటా లేక డెక్కా అంటూ, న్యూకాజిల్‌కే చెందిన టీవీ హాస్యజంట పేర్లతో విల్లా అభిమానులు ఒక బ్యానర్ ఎత్తారు. వెక్కిరింపే అయినా, ఆ క్లబ్బు రోగాన్ని అంత క్లుప్తంగా వైద్యులు కూడా చెప్పలేరు.

షియరర్ 8 మ్యాచ్‌ల్లో సంపాదించింది 5 పాయింట్లు. అతడు అసమర్థుడన్న తీర్పుకు ఈ అంకె చాలదు. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మేనేజర్ మార్పులను పరిశీలించిన ఆర్థికశాస్త్రవేత్త బాస్ టర్ వేల్, ఓటములు చుట్టుముట్టినప్పుడు మేనేజర్‌ను మార్చిన జట్లూ మార్చని జట్లూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయని చూపించాడు. అదృష్టం వికటించిన కాలం ఎలాగూ గడిచిపోయి, జట్టు తన సహజస్థాయికి చేరుకుంటుంది; దీన్నే గణాంకశాస్త్రం సగటు వైపు మళ్లడం అంటుంది. మార్చిన జట్టుకు ఆ కోలుకోవడం కొత్తవాడి చలవలా కనిపిస్తుంది. ఈ వాదన సరైనదే అయినా సంపూర్ణం కాదు. జట్టు సహజస్థాయే పడిపోయినప్పుడు, కోలుకోవడానికి మళ్లే సగటు అంటూ ఉండదు. 38 మ్యాచ్‌లకు ఏడే గెలిచిన న్యూకాజిల్ ఆనాటి స్థాయి 34 పాయింట్లకు అటూ ఇటుగానే ఉంది.

ఆ తర్వాత జరిగిందే అసలు గమనించవలసినది. షియరర్ కొనసాగడానికి సిద్ధపడ్డాడు, కానీ క్లబ్బును అమ్మకానికి పెట్టిన యజమాని నుంచి పిలుపు రాలేదు. మైకేల్ ఓవెన్ రుసుము లేకుండానే మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లిపోయాడు, మార్టిన్స్, బసాంగ్, డఫ్ తదితరులను అమ్మేశారు. జూలైలో లేటన్ ఓరియెంట్ అనే చిన్న జట్టు చేతిలో స్నేహపూర్వక మ్యాచ్‌లో 1-6తో చిత్తయ్యాక, సీనియర్ ఆటగాళ్లు గది తలుపు వేసుకుని, ఉండదలచినవారు ఉండండి, పోదలచినవారు పొండని తేల్చుకున్నారు. ఆ జట్టును నడిపింది అంతకాలమూ పక్కనే ఉన్న హ్యూటన్. అక్టోబర్ దాకా ఆయనకు పూర్తిస్థాయి పదవి కూడా ఇవ్వలేదు. ఆయన ఆ సీజన్‌లో సొంత మైదానంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా, 102 పాయింట్లతో ఛాంపియన్‌షిప్ గెలిపించాడు. రెండో శ్రేణి మ్యాచ్‌లకు సగటున 43 వేల మందికి పైగా వచ్చారు. మరుసటి డిసెంబర్‌లో, పై శ్రేణిలో జట్టు నిలదొక్కుకుంటున్నప్పుడే, ఆయనను తొలగించారు.

2016లో రెండోసారి. ఈసారి వచ్చింది ఐరోపా క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ గెలిచిన స్పెయిన్ దేశస్థుడు రఫా బెనితెజ్. మార్చి 11న, 10 మ్యాచ్‌లు మిగిలి ఉండగా స్టీవ్ మెక్లారెన్ స్థానంలో చేరాడు. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో ఒకే పాయింటు రాగా, తర్వాతి ఆరింటిలో ఒక్కటీ ఓడలేదు; మొత్తం 13 పాయింట్లు. షియరర్ సగటుతో పోలిస్తే ఇది రెట్టింపు, అయినా చాలలేదు. పొరుగు ప్రత్యర్థి సండర్లాండ్ మే 11న ఎవర్టన్‌ను 3-0తో ఓడించడంతో న్యూకాజిల్ పతనం ఖరారైంది. నాలుగు రోజులకు టాటెన్‌హామ్‌తో జరిగిన నామమాత్రపు మ్యాచ్‌లో, దిగిపోయిన జట్టు 5-1తో గెలిచింది. మైదానమంతా బెనితెజ్‌ను ఉండిపొమ్మని పాటలు పాడింది. జట్టు దిగిపోతే వెళ్లిపోయే వెసులుబాటు ఒప్పందంలో ఉన్నా ఆయన ఉండిపోయాడు, 94 పాయింట్లతో మరుసటి ఏడాదే జట్టును పైకి తెచ్చాడు. 2009లో క్లబ్బు ఒక మేనేజర్‌ను 8 మ్యాచ్‌ల కోసం తెచ్చుకుంది. 2016లో, అంత ఆలోచించి కాకపోయినా, పతనం తర్వాతి సంవత్సరం కోసం తెచ్చుకుంది. ఆలస్యంగా వచ్చే మేనేజర్‌తో క్లబ్బుకు నిజంగా ఒరిగేది ఇదే.

మూడోసారి సంగతి వేరు. 2021 అక్టోబర్‌లో సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి నేతృత్వంలోని బృందం యాష్లీ నుంచి క్లబ్బును కొనుక్కుంది. నవంబర్ 8న ఎడీ హౌ నియమితుడయ్యేనాటికి జట్టు 11 మ్యాచ్‌లకు ఒక్కటీ గెలవక 5 పాయింట్లతో ఉంది. తొలి విజయం డిసెంబర్ 4న, 15వ మ్యాచ్‌లో, బర్న్‌లీపై దక్కింది. మొదటి 14 మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవని జట్టు ప్రీమియర్ లీగ్‌లో నిలబడడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. కానీ హౌ చేతిలో జనవరి ఉంది. కీరన్ ట్రిపియర్, బ్రూనో గిమరాయిష్, డాన్ బర్న్, క్రిస్ వుడ్ వచ్చారు. మే నెలకు జట్టు 49 పాయింట్లతో 11వ స్థానంలో ఉంది. సౌదీ సొమ్ము లేకుండా ఇది సాధ్యమయ్యేది కాదని అన్నవారి మాట కొట్టిపారేయదగినది కాదు. ఆ సొమ్ము వెనుక ఉన్న ప్రభుత్వ మానవ హక్కుల చరిత్రపై లేచిన విమర్శలూ అంతే.

అయితే డబ్బుతో లెక్కతేలని ఒక మార్పు జనవరికి ముందే కనిపించింది. జోయెలింటన్ అనే బ్రెజిల్ ఆటగాడిని 2019లో క్లబ్బు రికార్డు ధర అయిన 4 కోట్ల పౌండ్లకు గోల్స్ వేయడానికి కొన్నారు. అతడు ఆశించినన్ని గోల్స్ వేయలేదు, తప్పుడు కొనుగోలుకు ఉదాహరణగా మిగిలాడు. నవంబర్ 30న నార్విచ్‌తో మ్యాచ్ మొదలైన 9వ నిమిషంలోనే డిఫెండర్ కీరన్ క్లార్క్‌కు రెడ్ కార్డ్ పడి, పది మందితో దాదాపు మ్యాచ్ అంతా ఆడవలసి వచ్చింది. హౌ జోయెలింటన్‌ను మిడ్‌ఫీల్డ్‌కు, అంటే బంతిని అడ్డుకుని ముందుకు నడిపించే మధ్య వరసకు జరిపాడు. మ్యాచ్ 1-1తో ముగిసింది. ఆ తర్వాత జోయెలింటన్ ప్రధానంగా మధ్య వరసలోనే ఆడాడు, ఆ సీజన్ చివర్లో క్లబ్బు ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.